వయసువారీ మరణ రేటు: భాగించే ముందు హారం తేల్చుకోండి

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైన రీతిలో ముందు చెప్పుకుంటాను. మీరు కనిగిరి వైపు ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పరిధిలో పని చేస్తున్నారు. నిరుడు మీ పరిధిలో వెయ్యి జనాభాకు పదకొండు మందికి పైగా చనిపోయారు. నెల్లూరు నగరంలో పని చేసే మీ స్నేహితురాలి పరిధిలో అది ఆరు లోపే ఉంది. "మా నీళ్లు, మా కిడ్నీ జబ్బులే కారణమని రిపోర్టులో రాయవచ్చా? వయసువారీ మరణ రేటు లెక్క కట్టమన్నారు, అది ఎలా? చనిపోయినవాళ్ల సగటు వయసు చూపిస్తే సరిపోదా?" అని అడిగారు.

ఇప్పుడే ఏమీ రాయకండి. ఆ పదకొండుకూ ఆరుకూ మధ్య తేడాలో ఎక్కువ భాగం జబ్బుది కాకపోవచ్చు, ముసలివాళ్ల సంఖ్యది కావచ్చు. మీ మెట్ట ఊళ్ల నుంచి పడుచువాళ్లు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై పోయి చాలా కాలమైంది. ఇళ్లలో మిగిలింది తల్లిదండ్రులు, తాతలు, కొంతమంది పిల్లలు. నెల్లూరు నగరంలో పరిస్థితి వేరు. చదువుకి, ఉద్యోగానికి, వ్యాపారానికి వచ్చి చేరినవాళ్లే అక్కడ ఎక్కువ. ఈ రెండు జనాభాలనూ మొత్తం మీద పోలిస్తే, ముసలివాళ్లు ఎక్కువున్న చోట చావులు ఎక్కువున్నాయని తప్ప మరేమీ తెలియదు.

లెక్క వరకైతే చాలా చిన్నది. ఒక వయసు గుంపులో ఏడాదిలో జరిగిన మరణాలు లవం. అదే గుంపులో ఆ ఏడాది మధ్యలో ఉన్న జనాభా హారం. భాగించి వెయ్యితో హెచ్చిస్తే ఆ వయసు మరణ రేటు. అరుదైన జబ్బుల మరణాలకైతే లక్షతో హెచ్చిస్తారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా చేయాలి. ముప్పై నుంచి అరవై దాకా మగవాళ్ల మరణాలు ఆడవాళ్ల కంటే బాగా ఎక్కువ ఉంటాయి కాబట్టి, కలిపేస్తే రెండూ మరుగున పడతాయి.

ఇందులో భాగహారం ఎవరైనా చేస్తారు. లవంలోకి వచ్చిన మనుషులు, హారంలో లెక్కించిన మనుషులు ఒకే జనం కావడం మాత్రం అంత సులువు కాదు. ఒంగోలు, నెల్లూరు రెండు వైపులా మరణ రిజిస్టర్లతో పని చేసినవాడిగా చెబుతున్నాను, నేను చూసిన తప్పుడు రేట్లలో దాదాపు అన్నీ ఇక్కడే చెడ్డాయి. అందుకే మిగతా వాటి కంటే దీని గురించే ఎక్కువ చెబుతాను.

మరణాల లెక్కతో మొదలుపెడదాం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాలి, అది జరిగిన చోటే నమోదవుతుంది. మనిషి ఏ ఊరివాడన్నది కాదు, ప్రాణం ఎక్కడ పోయిందన్నదే లెక్క. మీ పామూరు మనిషి నెల్లూరులో పెద్దాసుపత్రిలో చనిపోతే ఆ మరణం నెల్లూరు రిజిస్టరులోకి వెళుతుంది. ఒంగోలు రిమ్స్‌లో పోతే ఒంగోలు రిజిస్టరులోకి. వేలూరు తీసుకెళ్లినవాళ్లు తమిళనాడు లెక్కలోకి పోతారు. కాబట్టి పంచాయతీ కార్యదర్శి దగ్గరున్న పుస్తకం ఒక్కటే పట్టుకుంటే మీ ఊరి మరణాలు తక్కువగా, నగరం మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆసుపత్రిలో చివరి రోజులు గడిపేది ఎక్కువగా నడివయసువాళ్లు. ఎనభై దాటిన ముసలమ్మను ఇంట్లోనే ఉంచుకుంటారు. అంటే తగ్గుదల అన్ని వయసుల్లో సమానంగా ఉండదు. మీకు అన్నిటికంటే ముఖ్యమైన 45 నుంచి 59 గుంపులోనే అది ఎక్కువ. మరణ నివేదిక ఫారం 2లో చనిపోయిన మనిషి స్థిరనివాసం రాసే చోటు ఉంటుంది. ఆ గడిని చూసి తిరిగి ఊళ్లవారీగా పంచుకోవాలి. మీ స్నేహితురాలు కూడా తన లెక్కలోంచి బయటి ఊళ్లవాళ్లను తీసేయాలి. ఆవిడ ఆ పని చేసిందో లేదో అడగండి.

ఇంట్లో జరిగి అసలు నమోదే కాని మరణాలూ ఉంటాయి. భూమి, బీమా, పింఛను వంటి అవసరం ఉన్న ఇంట్లో మరణ ధ్రువపత్రం తీసుకుంటారు. పుట్టిన మూడో రోజున పోయిన బిడ్డకు, ఆస్తి లేని ముసలావిడకు ఎవరూ తీసుకోరు. అందుకని ఒక జాబితాను నమ్మకుండా రెండు మూడు జాబితాలు పక్కపక్కన పెట్టండి. పంచాయతీ రిజిస్టరు ఒకటి, ఆశా కార్యకర్త దగ్గరున్న పుస్తకం ఒకటి. మూడోది గ్రామ సచివాలయంలో పింఛను జాబితా. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఇంటికి వెళ్లినప్పుడు మనిషి లేడని తెలిసి పేరు తీసేస్తారు కాబట్టి వృద్ధుల మరణాలకు అంతకంటే మంచి ఆధారం పల్లెలో మరొకటి లేదు.

రెండు జాబితాలు ఉంటే రెండిట్లోనూ తప్పిపోయినవాళ్లు ఎందరో కూడా అంచనా కట్టవచ్చు. ఈ పద్ధతిని 1949లో మన దేశపు జనాభా శాస్త్రవేత్త చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త డెమింగ్ కలిసి ప్రకటించారు. బెంగాల్లోని సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలో దాన్ని ప్రయోగించి చూపించారు. పంచాయతీ పుస్తకంలో 240 మరణాలు, ఆశా పుస్తకంలో 270, రెండిట్లోనూ ఉన్నవి 200 అనుకోండి. 240ని 270తో హెచ్చించి 200తో భాగిస్తే 324. రెండు పుస్తకాలు కలిపితే మీకు దొరికేవి 310. అంటే మరో 14 మరణాలు ఎవరి కంటా పడలేదని అంచనా. ఇది నిలవాలంటే రెండు జాబితాలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కాకూడదు. మన ఊళ్లలో కార్యదర్శి పుస్తకం చూసి ఆశా, ఆశాను అడిగి కార్యదర్శి రాసుకోవడం మామూలే. అలా జరిగినచోట తప్పిపోయినవాటి అంచనా నిజం కంటే తక్కువ వస్తుంది. ఈ లెక్కను కూడా వయసు గుంపులవారీగానే చేయండి, ఎందుకంటే పసిపిల్లలు తప్పిపోయే రేటు వేరు, పెద్దవాళ్లు తప్పిపోయే రేటు వేరు.

ఇక జనాభా లెక్క సంగతి. చాలామంది 2011 జనాభా లెక్కలు తీసుకుని, పెరుగుదల కలిపి, అదే హారమంటారు. 2011లో ప్రకాశం జిల్లా జనాభా 33,97,448. నెల్లూరు జిల్లాది 29,63,557. అంతకు ముందు పదేళ్లలో రెండు జిల్లాలూ దాదాపు ఒకే వేగంతో, 11.05 శాతం చొప్పున పెరిగాయి. ఆ అంకెతో మీ మండలం జనాభాను 2024కు లాగితే మూడు తప్పులు ఒకేసారి జరుగుతాయి. జిల్లా సగటు మెట్ట మండలానికి వర్తించదు, అది మొదటిది. రెండోది జిల్లా హద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడగొట్టినప్పుడు కందుకూరు వైపు మండలాలు నెల్లూరుకు, చీరాల, అద్దంకి, పర్చూరు వైపు బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాకు పోయాయి. పాత ప్రకాశం జనాభాతో కొత్త ప్రకాశం మరణాలను భాగించిన పట్టికలు నేను కళ్లారా చూశాను. మీరు లెక్కించే ఏడాదికి ఏ మండలం ఏ జిల్లాలో ఉందో ప్రభుత్వ ఉత్తర్వు చూసి గ్రామాల జాబితా నుంచి కూడుకుంటూ రండి.

మూడోది అన్నిటికంటే లోతైన తప్పు. 2011లో ఏ వయసు వాటా ఎంతో, 2024లోనూ అంతే అనుకోవడం. 2011లో 45 నుంచి 59 మధ్య ఉన్నవాళ్లు 2024 నాటికి 58 నుంచి 72కు చేరారు. పుట్టేవాళ్లు తగ్గారు, పడుచువాళ్లు వలస పోయారు. పాత వాటాలు పట్టుకుంటే ముసలివాళ్ల హారం నిజం కంటే చిన్నదై, వాళ్ల మరణ రేటు లేనిపోని ఎత్తుకు పెరుగుతుంది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. రాబోయే దానికి 2027 మార్చి 1 ఆధార తేదీ. అందాకా మీకున్న మంచి దారి మీ ఏఎన్‌ఎం, ఆశాలు చేసే ఇంటింటి సర్వేయే. మీ పరిధి చిన్నది, అది మీ అదృష్టం. రాష్ట్ర స్థాయిలో కూర్చున్నవాళ్లకు ఇళ్ల తలుపులు తట్టే వీలుండదు, మీకు ఉంది.

సర్వేలో ఒక నియమం పెట్టుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. ఆ ఏడాదిలో ఆరు నెలలు లేక అంతకంటే ఎక్కువ ఊళ్లో ఉన్నవాళ్లు మీ జనాభా. మిరపకోతలకు గుంటూరు వైపు రెండు మూడు నెలలు పోయి వచ్చేవాళ్లు మీవాళ్లే. బెంగళూరులో కాపురం పెట్టి పండక్కి వచ్చేవాళ్లు రేషను కార్డులో పేరున్నా సరే మీవాళ్లు కారు. రేషను కార్డు, ఓటరు జాబితా ఎప్పుడూ హారంగా వాడకండి. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే ఒక్కొక్కరు ఎన్ని నెలలున్నారో రాసి, వ్యక్తి సంవత్సరాలు కట్టండి. ఎనిమిది నెలలు ఉన్న మనిషి 0.67 వ్యక్తి సంవత్సరం. మధ్య సంవత్సరపు జనాభా అనేది ఈ మొత్తానికి దగ్గరి దారి మాత్రమే. నిజమైన హారం వ్యక్తి సంవత్సరాలే.

మధ్య సంవత్సరం అన్న మాటలో ఒక చిక్కు. నమోదు రిజిస్టర్లు జనవరి నుంచి డిసెంబరు దాకా నడుస్తాయి, వాటికి మధ్య తేదీ జూలై 1. మీ ఆరోగ్య శాఖ నెలవారీ నివేదికలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా. వాటికి మధ్య తేదీ అక్టోబరు 1. మరణాలు ఒక పుస్తకం నుంచి, జనాభా ఇంకో పుస్తకం నుంచి తెచ్చుకుంటే ఈ రెండూ కలగాపులగమవుతాయి. ఏదో ఒక ఏడాదిని పట్టుకోండి.

వయసుల నమ్మకం ఎంత? అరవై దాటినవాళ్లను అడిగితే అరవై, అరవై అయిదు, డెబ్బై అంటారు. అరవై మూడు అనేవాళ్లు అరుదు. ఆధార్‌లో చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, అది ఎవరో అప్పుడు అంచనాగా వేసిన తేదీ. పింఛను కోసం వయసు పెంచుకున్నవాళ్లూ ఉన్నారు, అందులో నేరమేమీ చూడను, కానీ లెక్క మారుతుంది. హారంలో వయసు ఆధార్ నుంచి, లవంలో వయసు కొడుకు నోటి నుంచి వస్తే మనిషి ఒక గుంపులో బతికి, ఇంకో గుంపులో చనిపోయినట్టవుతుంది. రెండిటికీ ఒకే ఆధారం వాడండి. వీలున్నచోట సంఘటనలతో సరిపోల్చండి. ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు, అంటే 1970లో, మీకు పెళ్లయిందా? దివిసీమ ఉప్పెన నాటికి, 1977కి, మొదటి కాన్పు అయిందా? ఇందిరా గాంధీ పోయినప్పుడు, 1984లో, చిన్నబ్బాయి నడుస్తున్నాడా? ఇలా అడిగితే ముసలమ్మలు చెప్పే జవాబులు కాగితాల కంటే గట్టివి.

ఇప్పుడు భాగహారం. కింద ఇచ్చే అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ ఊరివీ కావు. మీరు చెప్పిన రేట్లకు దగ్గరగా ఉండేలా మాత్రం చూశాను. మెట్ట పరిధి జనాభా 30,000, నగర పరిధి జనాభా 30,000.

మెట్టలో 0–14 వయసువాళ్లు 6,000, మరణాలు 12, రేటు 2.0.
15–44 వాళ్లు 11,000, మరణాలు 22, రేటు 2.0.
45–59 వాళ్లు 6,000, మరణాలు 66, రేటు 11.0.
60 దాటినవాళ్లు 7,000, మరణాలు 252, రేటు 36.0.
మొత్తం మరణాలు 352, వెయ్యికి 11.7.

నగరంలో 0–14 వాళ్లు 7,000, మరణాలు 14, రేటు 2.0.
15–44 వాళ్లు 16,000, మరణాలు 32, రేటు 2.0.
45–59 వాళ్లు 4,500, మరణాలు 27, రేటు 6.0.
60 దాటినవాళ్లు 2,500, మరణాలు 95, రేటు 38.0.
మొత్తం మరణాలు 168, వెయ్యికి 5.6.

మొత్తం రేటు చూస్తే మెట్టలో చావు రెట్టింపు కంటే ఎక్కువ. వయసులవారీగా చూస్తే పిల్లల్లో, పడుచువాళ్లలో తేడా లేదు. ముసలివాళ్లలో నగరమే కొంచెం ఎక్కువ. నిజమైన తేడా ఒక్క 45–59 గుంపులో ఉంది. మీరు రిపోర్టులో రాయవలసింది దాని గురించి. 11.7కూ 5.6కూ మధ్య దూరం గురించి కాదు.

సగటు మరణ వయసు ఎందుకు పనికిరాదో కూడా ఈ అంకెల్లోనే ఉంది. మెట్టలో 352 మరణాల్లో 252, అంటే 72 శాతం అరవై దాటినవాళ్లవి. నగరంలో అవి 57 శాతమే. సగటు వయసు కడితే మెట్టవాళ్లే ఎక్కువ కాలం బతుకుతున్నట్టు కనిపిస్తుంది. మొత్తం రేటు ఒక అబద్ధం చెబితే, సగటు మరణ వయసు దానికి పూర్తిగా ఎదురు అబద్ధం చెబుతోంది. బతికున్నవాళ్ల వయసులేమిటో అడగకుండా చచ్చినవాళ్ల వయసులు మాత్రమే చూడటంలో ఉన్న లోపమిది. ఇది పాత తగాదాయే. ఇంగ్లండులో పారిశుధ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ లండను పేటలను సగటు మరణ వయసుతో పోల్చబోతే, 1844లో నీసన్ అనే గణాంకవేత్త రెండు పేటల వయసుల కూర్పు వేరని చూపించి ఆ పోలికను కొట్టిపారేశాడు. ప్రామాణీకరణ అనే పద్ధతి పుట్టుకలో ఆ తగాదాకు పెద్ద చోటుంది.

ప్రామాణీకరణ అంటే, రెండు ప్రాంతాల వయసువారీ రేట్లనూ ఒకే వయసు కూర్పున్న జనాభా మీద వేసి చూడటం. పైన రెండు పరిధుల జనాభా కలిపితే 13,000, 27,000, 10,500, 9,500, మొత్తం 60,000. దీని మీద మెట్ట రేట్లు వేస్తే 26, 54, 115.5, 342, మొత్తం 537.5 మరణాలు, వెయ్యికి 9.0. నగర రేట్లు వేస్తే 26, 54, 63, 361, మొత్తం 504, వెయ్యికి 8.4. రెట్టింపు తేడా కాస్తా వెయ్యికి సగం మనిషి తేడా అయింది. ఇతర జిల్లాలతో, దేశాలతో పోల్చాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000–2025 ప్రపంచ ప్రామాణిక జనాభా వాడండి. అందులో అయిదేళ్ల లోపు పిల్లల వాటా 8.86 శాతం. ఏ ప్రామాణిక జనాభా వాడారో తప్పక రాయాలి, దాన్ని బట్టి అంకె మారుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ప్రామాణీకరించిన ఒక్క రేటు ఇచ్చి వయసువారీ పట్టిక దాచేసే రిపోర్టు మొత్తం రేటు ఇచ్చిన రిపోర్టంత ప్రమాదకరం. 9.0, 8.4 చూసి ఏ అధికారి అయినా తేడా లేదనుకుని ఫైలు మూసేస్తాడు. నలభై అయిదుకూ అరవైకీ మధ్యవాళ్లు మెట్టలో దాదాపు రెట్టింపు వేగంతో పోతున్న సంగతి ఆ రెండు అంకెల కింద కూరుకుపోతుంది. పట్టిక ముందు, ప్రామాణిక రేటు తర్వాత.

రేటు అంటే సంభావ్యత కాదని కూడా గుర్తుంచుకోండి. 45–59 గుంపులో ఏడాదికి వెయ్యికి 11 అంటే పదిహేనేళ్లలో 165 మంది పోతారని కాదు, పోయినవాళ్లు మరుసటి ఏడాది హారంలో ఉండరు కదా. 15ను 0.011తో హెచ్చించి, ఆ వచ్చినదాన్ని 1 ప్లస్ 7.5 ఇంటూ 0.011తో భాగించాలి. 0.152 వస్తుంది. నలభై అయిదు నిండిన నూరు మందిలో పదిహేను మంది అరవై చేరకుండానే పోతారన్నమాట. నగరంలో ఇదే లెక్క 8.6 శాతం. కలెక్టరు ముందు, సర్పంచి ముందు చెప్పాల్సి వస్తే ఈ రూపంలో చెప్పండి, వెంటనే అందుతుంది.

చిన్న సంఖ్యల గొడవ కూడా చూడాలి. 66 మరణాలన్నది వచ్చే ఏడాది 55 కావచ్చు, 75 కావచ్చు, ఏ కారణమూ లేకుండానే. మరణాల సంఖ్యకు వర్గమూలం కట్టి 1.96తో హెచ్చిస్తే వచ్చేది 15.9. అంటే 50 నుంచి 82 మరణాల మధ్య, రేటులో 8.3 నుంచి 13.7 మధ్య ఎక్కడైనా నిజం ఉండవచ్చు. నగరంలో 27 మరణాలకు ఇది 3.7 నుంచి 8.3. రెండు రేట్ల నిష్పత్తి 1.83, దాని హద్దులు 1.17 నుంచి 2.87. నిష్పత్తి 1 అంటే తేడా లేనట్టు. కింది హద్దు కూడా 1 దాటింది కాబట్టి తేడాను గాలివాటం అని కొట్టేయలేం. అయితే మరణాలు ఇరవై లోపు ఉన్నచోట ఈ వర్గమూలం దారి నమ్మదగినది కాదు, చిన్న సంఖ్యలకు సరిపోయే ఖచ్చితమైన పాయిసాన్ పద్ధతి హద్దులు వాడాలి. 4 మరణాలకు అవి 1.1 నుంచి 10.2, 9 మరణాలకు 4.1 నుంచి 17.1. ఒక్క మరణమూ లేని గుంపుకు రేటు సున్నా అని రాసి వదిలేయకండి, పై హద్దు 3.7 మరణాలు. ఒక్కో ఊరికి విడిగా కట్టాలనుకుంటే మూడేళ్లో అయిదేళ్లో కలిపి లెక్కించండి, హారంలో కూడా అన్ని ఏళ్ల జనాభా కలపాలి.

ఆ 45–59 తేడా నిజమేనా అన్నది ఇంకా తేలలేదు. మీ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక సందేహం నన్ను వదలదు. బెంగళూరులో మేస్త్రీగానో, హైదరాబాదులో హోటల్లోనో ఇరవై ఏళ్లు పని చేసిన మనిషికి కిడ్నీలు చెడితే, గుండె జబ్బు ముదిరితే ఏం చేస్తాడు? ఇంటికి వస్తాడు. ఆరేడు నెలలు మీ ఊళ్లో ఉండి, అక్కడే పోతాడు. మరణం మీ లవంలో పడుతుంది. అతనితో పాటు పోయి, ఆరోగ్యంగా అక్కడే పని చేసుకుంటున్న తోటివాళ్లు మీ హారంలో లేరు. మెట్ట ఊళ్ల నడివయసు మరణ రేటును ఇది ఒక్కటే బాగా పెంచగలదు. పై ఉదాహరణలో 66 మందిలో 15 మంది ఇలా జబ్బుతో తిరిగొచ్చినవాళ్లే అనుకుని తీసేస్తే 51 మరణాలు, రేటు 8.5. నగరంతో నిష్పత్తి 1.42, హద్దులు 0.89 నుంచి 2.26. కింది హద్దు 1 కంటే కిందికి పోయింది. మొదటి లెక్కలో స్పష్టంగా కనిపించిన తేడా ఇప్పుడు స్పష్టంగా లేదు.

వాళ్లను తీసేయడమే సరి అనడం లేదు. వాళ్లూ మీ ఊరి బిడ్డలే, వాళ్ల చావుకూ ఒక కారణముంది. మరణం జరిగిన ప్రతి ఇంట్లో, గత అయిదేళ్లలో ఎక్కడున్నాడు, జబ్బు ఎప్పుడు బయటపడింది, ఊరికి ఎప్పుడు తిరిగొచ్చాడు అని మూడు ప్రశ్నలు అదనంగా అడగండి. తర్వాత రేటును రెండు రకాలుగా కట్టి రెండూ చూపించండి. పెద్దకర్మ అయ్యాక రెండు మూడు వారాలకు వెళ్తే ఇంట్లోవాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు. అంతకు ముందు వెళ్లకండి.

పసిపిల్లల దగ్గర సూత్రం మారుతుంది. ఏడాది లోపు పిల్లల మరణాలకు హారం జనాభా కాదు, ఆ ఏడాది సజీవంగా పుట్టిన పిల్లల సంఖ్య. అందుకే శిశు మరణాల రేటును మిగతా పట్టికతో కలపకుండా విడిగా ఇస్తారు, 1–4 గుంపును మళ్లీ మామూలు పద్ధతిలో కడతారు. ఇక్కడ మన ఆచారమే ఒక చిక్కు తెస్తుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. పుట్టిల్లు కందుకూరులో, అత్తిల్లు మీ ఊళ్లో, కాన్పు ఒంగోలు ఆసుపత్రిలో. బిడ్డ ఏ లెక్కలో పుట్టి, ఏ లెక్కలో పోయింది? గర్భిణి నమోదు సంఖ్యతో జననాన్ని, మరణాన్ని జత చేయకపోతే మీ లవం ఒక ఊరిది, హారం ఒక ఊరిది అవుతుంది. తల్లి స్థిరనివాసానికే రెండూ రాసుకోండి.

60 దాటినవాళ్లందరినీ ఒకే గుంపు చేయడం నేను ఉదాహరణ కోసం చేసింది, మీరు అలా చేయకండి. అరవై రెండేళ్ల మనిషికీ ఎనభై ఎనిమిదేళ్ల మనిషికీ చావు ప్రమాదం చాలా రెట్లు తేడా. 60–69, 70–79, 80 పైన అని కనీసం మూడుగా విడగొట్టండి. నగరంలో 38.0, మెట్టలో 36.0 అన్న తేడా కూడా ఎనభై దాటినవాళ్ల వాటాలో తేడా వల్లే వచ్చి ఉండవచ్చు.

నీళ్ల సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే మరణ రేట్లు దాని గురించి చెప్పేది తక్కువ. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, అతని సహచరులు మొదట వర్ణించింది 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచి. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. మీ మెట్ట బాధ కొత్తది కాదు, ఎవరికీ తెలియనిదీ కాదు. కానీ ఫ్లోరోసిస్ మనిషిని వంచుతుంది, మంచాన పడేస్తుంది, నేరుగా చంపడం అరుదు. దాన్ని మరణాలతో కొలవబోతే ఏమీ లేదన్న జవాబు వచ్చే ప్రమాదముంది. దానికి పళ్లు, ఎముకలు, నడక చూసే వ్యాప్తి సర్వే కావాలి.

కిడ్నీ జబ్బు అలా కాదు, అది చంపుతుంది. దానికి కారణవారీ, వయసువారీ మరణ రేటు కట్టండి. లవంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు, హారంలో ఆ వయసు జనాభా మొత్తం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఎంతమంది పోయారన్నది వేరే అంకె, అది చికిత్స గురించి చెబుతుంది. మొత్తం మరణాల్లో కిడ్నీ జబ్బు శాతమెంత అన్నది మూడో అంకె, మిగతా జబ్బులు తగ్గితే ఇది దానంతటదే పెరుగుతుంది. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, వాటిని ఒకే వాక్యంలో కలపకండి. మరణ కారణానికి ఆసుపత్రిలో ఇచ్చే ఫారం 4, ఇంట్లో పోయినవాళ్లకు చూసిన డాక్టరు ఇచ్చే ఫారం 4ఏ ఆధారం. అవి లేనిచోట ఇంట్లోవాళ్లను లక్షణాలు అడిగి రాసుకునే మౌఖిక పరిశీలన చేయాలి. "గుండె ఆగి పోయాడు" అన్నది కారణం కాదు, గుండె ఆగకుండా ఎవరూ పోరు. దాని వెనుక క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్త పరీక్ష) రిపోర్టు ఉందా, కాళ్లు వాచాయా, మూత్రం ఆగిందా అని అడగాలి.

ముందు 45–59 మగవాళ్ల మరణాలు తీయండి, మూడేళ్లవి. ఒక్కొక్కరికీ నివాసం, వలస, కారణం రాయండి. ఆ జాబితా, మీ ఇంటింటి సర్వే వయసు పట్టిక నాకు పంపితే, పేర్లు తీసేసి పంపండి, హద్దులతో సహా నేను కట్టి చూపిస్తాను. మీ స్నేహితురాలిని కూడా అదే నియమంతో, అదే మూడేళ్లకు తన జాబితా తీయమనండి.